సందుగల శిలువ

మా ఇంట్ల శిలువ గోడకుండదు, సందుగల ఉంటది. అమ్మ పెండ్లప్పుడు పుట్టింటోళ్లు పెట్టిన ఇనుప సందుగ అది. అడుగున రేషన్ కార్డు, బడి కాయితాలు. వాటి మీద అమ్మ దాచుకున్న ఒక్కగానొక్క పోచంపల్లి చీర. ఆ చీర మడతల్ల చేతెడు కట్టె శిలువ. ఆదివారం పొద్దున తీసి గోడకు ఆనిచ్చేది. ప్రార్థన అయినంక మళ్లా సందుగలకే. దేవుణ్ని పండబెడుతుందనుకునేవాణ్ని చిన్నప్పుడు. సర్కారుకు భయపడి దాస్తుందని తెలిసేసరికి నాకు పదిహేనేండ్లు.

మాది పోచంపల్లి పక్కన ఊరు. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి. ఊరి పేరు ఎందుకు రాస్తలేనో చివర చెప్త. మేం మాదిగలం. నాకు బడిల ఒక పేరు, ప్రార్థనల ఒక పేరు. బడి రిజిస్టరుల పంతులు 'హిందూ-మాదిగ' అని రాసుకున్నడు. నాయినను అడగలేదు. అడిగినా నాయిన అదే చెప్పేవాడేమో.

క్రైస్తవానికి ప్రభుత్వంలో, ప్రజాజీవితంలో ఎంత చోటుండాలె అని పెద్దలు సభల్లో చర్చిస్తుంటారు. రాజ్యానికి మతం లేదంటారు. వినడానికి బాగానే ఉంటది. మా గూడెంలో ఆ చర్చ సభల్లో జరగదు. సర్టిఫికెట్ రాసే సారు గడపల నిలబడ్డప్పుడు జరుగుతది. అప్పుడు రాజ్యానికి మతం ఉంటది, అది మన ఇల్లంతా దేవులాడుతది.

ముందు మేం క్రైస్తవులం ఎట్లయినమో చెప్పాలె. 'బియ్యానికి, బట్టకు అమ్ముడుపోయినోళ్లు' అనే మాట పుట్టినప్పటి నుంచి వింటున్నం. చరిత్ర వేరే చెబుతది. 1876-78 కరువులో ఒంగోలు మిషన్ దొర జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించిండు. కూలి కోసం మతంలోకి వచ్చిన్రనే మాట రాకుండ, ఆ కరువు నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేసిండు. కరువు పని అయిపోయినంక, 1878 జులైలో ఒక్క రోజే 2,222 మందికి ఆ మిషన్ బాప్తిస్మమిచ్చింది. ఎక్కువమంది మాదిగలే. తిండి పెట్టే చెయ్యి ఆగినంక వచ్చిన జనం వాళ్లు. ఈ లెక్క మనకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

మా వైపు వచ్చింది అబ్రహాం ఫ్రీజన్. రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో బతికిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘపాయన. 1889లో నిజాం రాజ్యానికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టిండు. నల్లగొండలో రష్యా పేరు ఎర్రజెండాతోటే వచ్చిందనుకుంటం. అంతకు యాభై ఏండ్ల ముందే రష్యా నుంచి ఒకాయన బైబిలు పట్టుకొని వచ్చిండు.

మా తాత మాత్రం ఫ్రీజన్ పేరు ఎరగడు. ప్రార్థనల ఎందుకు కలిసినవని అడిగితే ఒక్కటే మాట చెప్పేవాడు: "ఆదివారం కోసం బిడ్డా." వెట్టి కాలం అది. చచ్చిన గొడ్డును ఈడ్వాలె, తోలు తియ్యాలె, దొరకు చెప్పులు కుట్టాలె, మోట బొక్కెన కుట్టాలె, పిలిస్తే డప్పు కొట్టాలె. ఏడాదిల ఒక్క రోజు కూడ మాదిగోనిది కాదు. బాప్తిస్మం తీసుకున్నంక తాత మొట్టమొదటిసారి గడీ మనిషికి చెప్పిండట, "ఇయ్యాల ఆదివారం, నేను రాను." దెబ్బలు పడ్డయి. అయినా ఆ మాట అన్నడు. మోక్షం సంగతి నాకు తెల్వదు. మా వంశంలో 'రాను' అన్న మొదటి మనిషి మా తాత. దాని రేటు బియ్యం మూటతోని కడుతరా?

1948లో నిజాం రాజ్యం పోయింది. 1950 జనవరిలో రాజ్యాంగం వచ్చింది. అంటరానితనం రద్దన్నది. ఎవరికి నచ్చిన మతం వాళ్లు అవలంబించొచ్చన్నది. అదే ఏడు ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డు కులాల జాబితా అది. దాంట్లో మూడో పేరా ఒకటి. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాళ్లెవరూ షెడ్యూల్డు కులస్తులు కారని దాని సారం. పంజాబ్ వైపు కొన్ని సిక్కు కులాలకే మినహాయింపు. జనవరిలో ఇచ్చిన స్వేచ్ఛకు ఆగస్టులో వెల కట్టిన్రు. దేవుణ్ని ఎంచుకో, హక్కులు వదులుకో!

ఎనిమిది నెలలకు, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే మా పోచంపల్లికి వచ్చిండు. సాయుధ పోరాటం ఇంక చల్లారలేదు. ఏం కావాలె అని అడిగితే నలభై హరిజన కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగినయి. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలిస్తనన్నడు. భూదానం అట్ల పుట్టింది. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. ఆ మందిల వెనక నిలబడి చూసిన అని మా తాత చెప్పేవాడు. నేను ఒకసారి అడిగిన, "తాతా, ఆ రోజు మతం అడిగిన్రా?" తాత నవ్విండు. "భూమి లేనోని మతం ఎవడడుగుతడు బిడ్డా? మమ్ముల చూస్తేనే తెలుస్తలేదా ఏ గూడెమో!" చూస్తే తెలిసే కులం, ఉత్తర్వులో మాత్రం ఎట్ల మాయమైంది?

ఇగ 1985. నేను పది పాసయిన ఏడు. మండలాలు కొత్తగా వచ్చినయి. కాలేజీ సీటుకు కుల సర్టిఫికెట్ కావాలె. విచారణకు ఒక సారు వచ్చిండు. ఆయన వస్తున్నడని ముందే ఎవరో పిల్లగాడు ఉరికొచ్చి చెప్పిండు. అమ్మ శిలువను చీరల చుట్టి సందుగల పెట్టి దాని మీద కూసున్నది. సారు గుమ్మం దాటి లోపలికి రాలేదు. మా ఇంట్ల నీళ్లు కూడ తాగలేదు. బయటి నుంచే గోడలు చూసిండు.

"ఏమ్రా, కిరస్తానంల కలిసిన్రంట గదా?"

"లేదయ్యా, మేం మైసమ్మకే మొక్కుతం. మాదిగోళ్లం."

నాయిన గొంతుల అబద్ధం నేను విన్న మొదటిసారి అది. అబద్ధమాడొద్దని మాకు ఆజ్ఞలు నేర్పిన మనిషి! సారు పోయినంక నాయిన ఆ రోజు అన్నం తినలేదు. అమ్మ సందుగ మీది నుంచి లేవలేదు. నాకు సర్టిఫికెట్ వచ్చింది. ఆ సారు మా నీళ్లు ఎందుకు తాగలేదో ఆలోచించిన్రా? నేను మాదిగోణ్ని గనుక. మరి నేను మాదిగోణ్ని కాదని రుజువు చెయ్యడానికే గదా వచ్చింది!

అదే జులై 17న కారంచేడు. ఆరుగురు మాదిగలను చంపిన్రు. చచ్చిపోయినోళ్లల్ల ఇద్దరి పేర్లు మోషే. ఏ పుస్తకంలోని పేరో చెప్పాల్నా? తరిమి తరిమి చంపినోళ్లు వాళ్ల బాప్తిస్మం సర్టిఫికెట్ అడగలేదు. అదే ఏడు సెప్టెంబరులో సూసై కేసు తీర్పు వచ్చింది. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి ఆయన, ఆది ద్రావిడ క్రైస్తవుడు. తోటి చెప్పులు కుట్టేవాళ్లకు సర్కారు ఉచితంగా బంకులిచ్చింది, ఈయన క్రైస్తవుడని ఇయ్యలేదు. మతం మారినంక కూడ కులం బాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపాలన్నది సుప్రీంకోర్టు. అదే రోడ్డు, అదే ఆరె, అదే తోలు. ఇంకేం రుజువు కావాలె? కారంచేడు రెండు నెలల కిందనే జరిగింది గదా!

చర్చిని కూడ వదలను. 'క్రీస్తులో కులం లేద'ని పాటలు పాడినోళ్లే మాలకొక వరుస, మాదిగకొక వరుస పెట్టుకున్నరు. పదవుల కాడ కులమే లెక్క. రెడ్డి, కమ్మ క్రైస్తవులు తమ సంబంధాలు తమ కులంలనే చూసుకుంటరు. చర్చిల కులం ఉందని మనం ఒప్పుకోకపోతే, సర్కారు లేదనడానికి మనమే సాక్ష్యమిచ్చినట్టు.

ఇంక చట్టం చూడండి. లంబాడి తమ్ముడు క్రైస్తవుడైతే ఎస్టీగనే ఉంటడు, ఉండాలె కూడ. 2019ల వచ్చిన పది శాతం ఈడబ్ల్యూఎస్‌ల బీద రెడ్డి క్రైస్తవునికి మతం అడ్డం రాదు. మాదిగోడు క్రైస్తవుడైతే మాత్రం ఎస్సీ కాడు. 1970 నుంచి మన రాష్ట్రంల వాణ్ని బీసీ-సీల వేసిన్రు, ఒక్క శాతం. ఎస్సీ రిజర్వుడు సర్పంచు సీటు లేదు, అసెంబ్లీ సీటు లేదు, 1989 అత్యాచారాల చట్టం రక్షణ లేదు. సిక్కులను 1956ల చేర్చిన్రు. అదే ఏడు అక్టోబరులో బాబాసాహెబ్ నాగ్‌పూర్‌ల బౌద్ధం తీసుకున్నడు. ఆయన వెంట నడిచినోళ్లకు ఈ ఉత్తర్వుల చోటు దొరకడానికి 1990 దాక, ముప్పై నాలుగేండ్లు పట్టింది. రాజ్యానికి మతం లేదన్నరు. మరి అంటరానోని కాయితం మీదనే మతం కాలమ్ ఇంత బరువెందుకైంది?

మన వాళ్లల్లనే ఒక మాట ఉంది, దాన్ని దాటిపోవద్దు. "ఉన్నదే పదిహేను శాతం. చదువుకున్న క్రైస్తవులు వచ్చి తినిపోతే మా గతేంది?" అని హిందూ దళితులు అడుగుతరు. ఈ భయం వట్టిదనను. దానికి జవాబు మాత్రం పేరు మార్చుకొని దాక్కోవడం కాదు. లెక్క తియ్యాలె, జనాన్ని బట్టి వాటా పెంచాలె. మాలాంటోళ్లు ఇప్పటికే 'హిందూ' పేరు మీద ఆ లెక్కలనే ఉన్నరు. కొత్తగా రావడం లేదు, తలెత్తుకొని ఉంటమంటున్నం.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరా తీసెయ్యమన్నది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2009లో తీర్మానం చేసింది, విడిపోయినంక 2023లో ఇంకోసారి చేసింది. 2022లో కేంద్రం మరో కమిషన్ వేసింది. ఇటు తెలంగాణ వచ్చినంక సర్కారు క్రిస్మస్ విందులు మొదలయినయి, బట్టలు పంచిన్రు. మా అమ్మకూ ఒక చీర వచ్చింది. అమ్మ దాన్ని తడిమి చూసి అన్నది: "క్రైస్తవులమని చీర ఇస్తరు, క్రైస్తవులమంటే కాయితం గుంజుకుంటరు. ఇదేం లెక్క కొడుకా?" ప్రజాజీవితంల క్రైస్తవం గురించి నేను చదివిన పుస్తకాలల్ల ఇంతకంటె సూటి మాట దొరకలేదు.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాళ్లు అత్యాచారాల చట్టం కింద రక్షణ అడగలేరన్నది. తీర్పు అక్కడిది, భయం మాత్రం మా గూడెం దాక వచ్చింది. ఆ వానకాలమే నాయిన పోయిండు.

పోయే ముందు నాయిన ఒక్కటే అడిగిండు. సమాధి మీద శిలువ, ప్రార్థనల పెట్టిన పేరు. అన్న కొడుకుకు అప్పుడే ఉద్యోగం సర్టిఫికెట్ల పరిశీలన ఉంది. అన్న నన్ను పక్కకు పిలిచిండు.

"తమ్మీ, రాయి మీద ఆ పేరు చెక్కిస్తే ఎవడన్నా ఫొటో తీసి పంపుతడు. పోరని బతుకు ఆగమైతది."

నేను ఏమనాలె? 1985ల నాయిన ఆడిన అబద్ధంతోటి చదువుకున్నోణ్ని నేను. ఊఁ అన్న. డప్పు కొట్టిన్రు, పాస్టరు రాలేదు. మన్ను పోసే ముందు అమ్మ చీర కొంగు కింద నుంచి చెయ్యి తీసి, నాయిన ఎదమీది గుడ్డ కింద ఏదో పెట్టింది. ఏందో మా ఇద్దరికి తెలుసు. సమాధికి రాయి పెట్టినం. దాని మీద ఏమీ రాయలేదు.

ఈ వ్యాసం రాస్తనంటే అన్న మొదలు వద్దన్నడు. తర్వాత అన్నడు, "రాయి. ఊరి పేరు మాత్రం రాయకు." అందుకే రాయలేదు. నా పేరు కూడ రెండిట్ల ఒక్కటే అచ్చయితది. మూడో పేరా పోయిన నాడు రెండో పేరు కూడ రాస్త, నాయిన రాయి మీద నాయిన పేరు చెక్కిస్త. అందాక ఆ రాయి అట్లనే ఉంటది. అమ్మ సందుగకు ఇప్పుడు తాళం వేస్తలేదు, దాచడానికి లోపల ఏమీ లేదు.