మూతికి కట్టిన గుడ్డ

మచిలీపట్నము నుండి పెడన, బంటుమిల్లి మీదుగా కృత్తివెన్ను చేరు త్రోవలో గుడ్డ క్రొత్త వస్తువు కాదు. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారును, ఇంగ్లీషువారును ఈ రేవునకు వచ్చినది ముఖ్యముగా ఇచ్చటి నేత కొరకు, అద్దకము కొరకు. పెడనలో కలంకారీ అచ్చులు నేటికిని గుడ్డపై పడుచునే ఉన్నవి. మస్లిన్ అను మాట మచిలీపట్నము పేరు నుండియే పుట్టినదని మనవారు కొందరు ముచ్చటపడి చెప్పుదురు గాని, పండితులు దానిని ఇరాకులోని మోసుల్ నగరమునకే ముడిపెట్టుచున్నారు. మాట ఎవరిదైనను, పలుచని గుడ్డ వైద్యుని మూతికి ఎక్కిన కథ మనము వినదగినది. 2020లో మన పల్లెల స్త్రీలు కుట్టుమిషన్ల ముందు కూర్చుండి చేసిన పని ఆ కథలోని ఒక ఘట్టమే.

1897లో బ్రెస్లౌ నగరమున మికులిచ్ అను శస్త్రవైద్యుడు నోటికి గుడ్డ కట్టుకొని శస్త్రచికిత్స చేయ మొదలిడెను. మాటలాడునపుడు వెడలు సన్నని తుంపురులలో రోగక్రిములుండునని ఫ్లూగె అను శాస్త్రజ్ఞుడు అప్పుడే నిరూపించుచుండెను. అనగా ఆ గుడ్డ వైద్యుని నుండి రోగిని కాపాడుటకు పుట్టినది. దాని పనిని తలక్రిందులు చేసినవాడు పెనాంగులో పుట్టిన చీనా వైద్యుడు ఊ లియెన్ టే. 1910–11 శీతకాలమున మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగి సుమారు 60,000 మందిని బలిగొన్నది. గాజ్ గుడ్డ మడతల నడుమ దూది పొదిగి, తలకు చుట్టి బిగించు ముసుగును ఆయన వైద్యులకును, పరిచారకులకును కట్టించెను. ఆ వ్యాధి గాలిగుండ వచ్చునన్న మాట నమ్మని మెస్నీ అను ఫ్రెంచి వైద్యుడు ముసుగు లేకయే రోగులను చూచి, కొలది దినములలో ఆ వ్యాధితోనే మరణించెను. అటుపై వాదమునకు తావు లేకపోయినది.

ఆ ముసుగులో విశేషమేమనగా, గుడ్డ, దూది దొరికిన చోట ఎవరైనను దానిని చేయవచ్చును. 1918 ఇన్‌ఫ్లుయెంజా నాడు, మన దేశమున కోటి మందికి పైగా ప్రాణములు కోల్పోయిన ఆ ఏడు, అమెరికాలో రెడ్ క్రాస్ స్త్రీలు ఇట్టి ముసుగులను విస్తారముగా కుట్టిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ముసుగు ధరించుట చట్టమే అయ్యెను. అయినను జబ్బు ఆశించినంతగా తగ్గలేదు. కాలిఫోర్నియా ఆరోగ్యాధికారి కెల్లాగ్ పరీక్షలు జరిపి 1920లో కారణము వెల్లడించెను. గుడ్డ పలుచనైనచో తుంపురులు దాటిపోవును; మడతలు పెంచినచో ఊపిరి ఆడక, గాలి అంచుల సందులగుండ దూరును. చేయి మంచిదైనను, మనసు మంచిదైనను, నేత ఎట్టిదో, అంచు ఎట్లమరినదో చూడక కుట్టిన గుడ్డ ధైర్యమునిచ్చునే గాని రక్షణనీయదు. నూరేండ్ల పిమ్మట మనకు ఎదురైన చిక్కు సరిగా ఇదియే.

2020 మార్చి 12న నెల్లూరులో ఆంధ్రప్రదేశపు మొదటి కోవిడ్ కేసు బయటపడినది. ఆ నెల 25 నుండి దేశమంతట లాక్‌డౌన్. మూడు పొరల సర్జికల్ మాస్కు 10 రూపాయలకు మించరాదని కేంద్రము ధర కట్టినది. నెలాఖరున కేంద్ర శాస్త్ర సలహాదారు కార్యాలయము ఇంటిలో మాస్కు కుట్టుకొను విధానమును ప్రకటించినది: నూలుగుడ్డ రెండు పొరలు, సబ్బుతో ఉతికి కనీసము 5 గంటలు మండుటెండలో ఆరబెట్టుట, లేదా ప్రెషర్ కుక్కరులో ఉడికించుట. ఎండకు మన తీరమున కొదువ లేదు!

ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము మనిషికి మూడు చొప్పున, మొత్తము 16 కోట్ల మాస్కులు పంచ నిశ్చయించెను. చేనేత సహకార సంస్థయైన ఆప్కో గుడ్డనీయగా, స్వయంసహాయక సంఘముల స్త్రీలు మాస్కుకు మూడున్నర రూపాయల కూలికి కుట్టిరి. కూలి స్వల్పమే. కాని అంగళ్లు మూతపడి, కూలిపనులు నిలిచిన ఆ వేసవిలో ఇంటికి నాలుగు రూకలు వచ్చు పని వేరొకటి కానరాదు. నేతగుడ్డకును ఒక దారి దొరికినది.

అయితే ఈ గుడ్డ ఊరివారికి, ఆస్పత్రికి కాదు. ఎన్‌95 ముసుగు నేతబట్ట కాదు. కరగిన పాలీప్రొపిలీన్‌ను వేడిగాలితో ఊది, సాలెగూటి వంటి పొరగా పరచి, దానికి విద్యుదావేశము ఎక్కింతురు. ఆ ఆవేశమే సూక్ష్మకణములను పట్టియుంచును. సబ్బుతో ఉతికినచో అది నశించును. ముసుగు మాత్రము చూపునకు క్రొత్తదానివలె ఉండును. ఇంతకంటె మోసకరమైన వస్తువు వేరొకటి లేదు.

ఒడలెల్ల కప్పు పీపీఈ దుస్తుల సంగతియు అంతే. గుడ్డలోనికి నెత్తురు ఇంకకున్నను, సూది పోయిన ప్రతి రంధ్రమును ఒక ద్వారమే. అందుచే కుట్టుపై వేడిగాలితో పట్టీ అతికింపవలెను. కోయంబత్తూరులోని సిట్రా సంస్థ కృత్రిమ రక్తముతో ఈ దుస్తులను పరీక్షించెడిది. 2020 ఆరంభమున మన దేశమున ఈ పరిశ్రమ దాదాపు శూన్యము. మే మధ్యనాటికి దినమునకు 4 లక్షలకు పైగా తయారగుచుండెను. విశాఖపట్నపు మెడ్‌టెక్ జోన్ సైతము వైద్య పరికరముల తయారీకి పూనుకొన్నది.

నడుమ గడచిన వారములు మాత్రము కఠినమైనవి. ఎన్‌95 ముసుగులు చాలుట లేదని నర్సీపట్నమున ఒక ప్రభుత్వ వైద్యుడు బహిరంగముగా పలికి, ఏప్రిల్‌లో సస్పెండు అయ్యెను. ఆయన పలికిన తీరును గూర్చి ఎవరేమన్నను, కొరత ఉన్నచో దానిని ముందు చూచువాడు రోగి ప్రక్కన నిలిచినవాడే. మంచూరియాలో ఊ లియెన్ టే పరిచారకునికి సైతము ముసుగు కట్టించెను.

2020 జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుడ్డ మాస్కునకు మూడు పొరలు సూచించినది: లోపల నూలు, నడుమ నేయని పాలీప్రొపిలీన్, పైన నీరంటని పాలియెస్టరు. నాటికి మనవారు రెండు పొరల నూలుతో ఎన్నియో కుట్టియుండిరి. అవి వ్యర్థములని నేననను. దగ్గువాని తుంపురులు ఎదుటివానిపై పడకుండ అవి చాలవరకు అడ్డినవి. కాని పల్లెలలో కుట్టిన మాస్కులకు సాధారణముగా చెవులకు రెండు నాడాలే గాని, ముక్కు దూలముపై వంగి అమరు సన్నని తీగ ఉండెడిది కాదు. కళ్ళజోడు పెట్టుకొన్న వారెల్లరకు ఆ లోపము అద్దములపై ఆవిరియై కనబడుచుండెను.