అట్టముక్కలకు పేర్లు పెట్టి, ఊరికే ఇచ్చిపోయిన మనిషి

ఈ పోస్టు కాస్త పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

2022 ఆగస్టులో అమెరికాలో ఒక అట్టముక్క వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో దాదాపు 100 కోట్ల రూపాయలు. అరచేతిలో పట్టే ఆ ముక్క మీద ఉన్నది మిక్కీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ. 1952లో టాప్స్ అనే కంపెనీ పిల్లలకు బబుల్‌గమ్‌తో పాటు ఇచ్చిన కార్డు అది. అదే నెలలో హోనస్ వాగ్నర్ అనే ఇంకా పాత ఆటగాడి కార్డు ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది.

ఇలాంటి వార్త వస్తే రచ్చబండ దగ్గర "డబ్బు ఎక్కువైతే ఇంతే" అని నవ్వేసి వదిలేస్తాం. నవ్వితే నవ్వుదాం గానీ, ఆ కార్డుల వెనక ఒక ఫ్యాక్టరీ కూలీ కథ ఉంది. ఆయన పేరు జెఫర్సన్ బర్డిక్. ఆయన్నీ, ఆయనకు ఉత్తరాలు రాసిన స్నేహితుల్నీ పక్కన పెడితే ఈ కోట్ల వ్యాపారానికి పునాదే లేదు. వాళ్ళు దాన్ని కట్టింది అమ్ముకోవడానికి కాదు.

ముందు కార్డులు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్తాను.

1880ల్లో అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాగితం పొట్లాల్లో అమ్మేవాళ్ళు. జేబులో పెట్టుకుంటే నలిగిపోయేవి. నలగకుండా లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టారు. ఎటూ అట్ట పెడుతున్నాం కదా, దాని మీద బొమ్మ వేస్తే సరుకు ఇంకా పోతుంది అని కంపెనీలకు తోచింది. నటీమణులు, పక్షులు, జెండాలు, రాజులు, బేస్‌బాల్ ఆటగాళ్ళు, ఇలా రకరకాల బొమ్మలు వేశారు. సిగరెట్ కాల్చేది పెద్దవాళ్ళు, బొమ్మ కావలసింది పిల్లలకు. అందుకని పిల్లలు పొగాకు కొట్టు బయట కాపు కాసి, పొట్లం కొనుక్కుని వచ్చే ప్రతి మనిషినీ "అయ్యా, కార్డు ఇవ్వరా" అని అడిగేవాళ్ళు. చాలామంది ఇచ్చేసేవాళ్ళు. ఈ సేకరణ అనే అలవాటు మొదలైందే అలా. ఒకడికి అక్కర్లేనిది ఇంకొకడికి సంతోషంగా ఇవ్వడం.

1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డుల పెద్ద వరస ఒకటి వేసింది. అందులో 500కి పైగా రకాలున్నాయి. హోనస్ వాగ్నర్ కార్డు ఆ వరసలోదే. అతని కార్డు వేయడం మధ్యలోనే ఆపేశారు కాబట్టి బాగా తక్కువ మిగిలాయి. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనడం అతనికి ఇష్టం లేదని కొందరు అంటారు, డబ్బు దగ్గర తేడా వచ్చిందని కొందరు అంటారు.

ఈ అమెరికన్ టొబాకో కంపెనీ పేరు మన పొగాకు రైతులకు కొత్తగా ఉండొచ్చు. కానీ గుంటూరు, ప్రకాశం వైపు ఐఎల్‌టీడీ అంటే తెలియని రైతు ఉండడు కదా. ఆ ఐఎల్‌టీడీ పుట్టింది బ్రిటిష్ అమెరికన్ టొబాకో నీడలో. ఆ బ్రిటిష్ అమెరికన్ టొబాకోని 1902లో పెట్టిన ఇద్దరిలో ఒకరు ఈ అమెరికన్ టొబాకో వాళ్ళే, రెండోవాళ్ళు ఇంగ్లండ్ ఇంపీరియల్ టొబాకో. అంటే ఆ అట్టముక్కలకూ మన నల్లరేగడిలో వేసిన వర్జీనియా పొగాకుకూ దూరపు చుట్టరికం ఉంది.

ఇక బర్డిక్ సంగతికి వద్దాం.

ఆయన 1900లో న్యూయార్క్ రాష్ట్రంలో సెంట్రల్ స్క్వేర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. సిరాక్యూస్ పట్నంలో కరెంటు సామాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో విడిభాగాలు బిగించే పని. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగానే కీళ్ళవాతం పట్టుకుంది, వేళ్ళు వంకర్లు పోయాయి. బేస్‌బాల్ పిచ్చి ఉన్నవాడేం కాదు. ఆయనకు కాగితం మీద అచ్చు వేసిన ప్రతి చిన్న బొమ్మా ఒకటే. సిగరెట్ కార్డులు, మిఠాయి కార్డులు, పోస్టుకార్డులు, పండగ శుభాకాంక్షలు, కొట్టువాళ్ళు పంచిన ప్రకటనలు, అన్నీ పోగుచేశాడు. జనం చూసి పారేసేవాటిలోనే ఆ కాలం ఎలా ఉండేదో తెలుస్తుందని ఆయన నమ్మకం.

అయితే 1930ల్లో కార్డులు దాచుకునేవాళ్ళకు ఒక పెద్ద చిక్కు ఉండేది. ఏ వరసలో ఎన్ని కార్డులున్నాయో ఎవరికీ తెలీదు. ఇందాక చెప్పిన పొగాకు వరసనే చూడండి. కార్డుల మీద నంబర్లు లేవు. వెనక వైపు ఒక్కోదాని మీద ఒక్కో బ్రాండు సిగరెట్ ప్రకటన. వేసిన కంపెనీ జాబితా ఇవ్వలేదు. నా దగ్గర 300 ఉంటే, వరస పూర్తయిందా, ఇంకా 10 కావాలా, 200 కావాలా? నా పెట్టె ఎంతసేపు చూసుకున్నా అది తెలీదు. ఇంకొకడి పెట్టెలో ఏముందో వాడు చెప్తేనే తెలుస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ లెక్క ఒక్కడి వల్ల తేలేది కాదు, ఎంత తెలివిగలవాడైనా సరే. పది ఊళ్ళలో పది మంది తమ పెట్టెలు విప్పి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపితేనే తేలుతుంది. వ్యాపారం తెలిసినవాడు ఏం చేస్తాడు? తన దగ్గర అరుదైనది ఉంటే గుట్టుగా ఉంచుతాడు. ఎదుటివాడికి దాని విలువ తెలియకుండా చూసుకుంటాడు. వీళ్ళు దానికి ఎదురు నడిచారు.

1937లో బర్డిక్ కార్డ్ కలెక్టర్స్ బులెటిన్ అని ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. ఎవరి దగ్గర ఏముంది, ఎవరికి ఏం కావాలి, కొత్తగా ఏ కార్డు బయటపడింది అనేవి అందులో వేసేవాడు. దేశంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఉత్తరాల్లో జాబితాలు పంపుకునేవాళ్ళు. నా దగ్గర రెండున్నది నీకు, నీ దగ్గర రెండున్నది నాకు. కవర్లో పెట్టి ముందు పంపాలి, అవతలివాడు పంపుతాడని నమ్మాలి. మన ఊళ్ళలో విత్తనం చేబదులు ఇచ్చినట్టే అనుకోండి. నోటుమీద రాసుకునేది ఉండదు, మాట మీదే నడుస్తుంది. మాట తప్పినవాడికి మరుసటేడు ఎవరూ ఇవ్వరు.

ఆ ఉత్తరాల్లోంచి 1939లో ఒక కేటలాగ్ పుస్తకం వచ్చింది. తర్వాత అది అమెరికన్ కార్డ్ కేటలాగ్ అయింది. 1946లో, 1953లో, 1960లో సరిచేసి మళ్ళీ మళ్ళీ వేశారు. పత్రికను తర్వాత చార్లెస్ బ్రే అనే పెన్సిల్వేనియా స్నేహితుడు అందుకుని నడిపాడు. కేటలాగ్‌లో బర్డిక్ పెట్టిన పద్ధతి చాలా తేలిక. పందొమ్మిదో శతాబ్దం పొగాకు కార్డులకు ఎన్ అనే అక్షరం, ఇరవయ్యో శతాబ్దం పొగాకువాటికి టీ, పాతకాలం మిఠాయివాటికి ఈ, ఆయన నాటికి కొత్తగా వస్తున్న గమ్, మిఠాయి కార్డులకు ఆర్. అక్షరం పక్కన ఒక నంబరు. వాగ్నర్ ఉన్న వరసకు టీ206 అని పేరు వచ్చింది. ఇవాళ్టికీ ప్రపంచమంతా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది.

ఆ పుస్తకంలో ధరలు చూస్తే నవ్వొస్తుంది. చాలా కార్డులు సెంట్లలోనే ఉండేవి. వాగ్నర్ కార్డుకు 50 డాలర్లు అని రాస్తే అదే పెద్ద వింత.

తర్వాత ఆయనకు ఇంకో చింత పట్టుకుంది. తాను పోయాక ఈ పెట్టెల గతి ఏంటి? పిల్లలు లేరు, ఒంట్లో బాగోలేదు. యుద్ధకాలంలో పాత కాగితం అంతా పోగుచేసి ఇచ్చేయమంటే ఎన్నో ఇళ్ళలోంచి కార్డులు తూకానికి పోయాయి. అమ్మితే ముక్కలు ముక్కలుగా నూరు చేతుల్లోకి పోతుంది, మళ్ళీ ఒకచోట చేరదు. అందుకని 1947లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం గడప తొక్కాడు. ప్రపంచంలో పేరున్న చిత్రాలు, శిల్పాలు ఉండే చోటు అది. అక్కడికి చూయింగ్‌గమ్ బొమ్మలు పట్టుకెళ్ళాడు!

అచ్చుచిత్రాల విభాగం చూసే హయట్ మేయర్ ఆయన్ని గేటు దగ్గరే పంపేయలేదు. కూర్చోబెట్టి చూశాడు, విలువ గ్రహించాడు. కాకపోతే 3 లక్షలకు పైగా ముక్కల్ని వరసలో పెట్టి ఆల్బమ్‌లలో అతికించడానికి మ్యూజియం దగ్గర మనుషులు లేరు. ఆ పని నేనే చేస్తానన్నాడు బర్డిక్. ఆయనకొక బల్ల వేయించారు. సిరాక్యూస్ నుంచి పెట్టెలు రావడం మొదలైంది. వంకర పోయిన వేళ్ళతో ఒక్కో కార్డూ తీసి, వరస చూసి, జిగురు రాసి అతికించడం. ఇందులో బేస్‌బాల్ కార్డులే 30 వేలకు పైగా ఉన్నాయి. 1959లో ఆ పని కోసమే న్యూయార్క్‌కి మకాం మార్చేశాడు. సొంత సొత్తు ఊరికే ఇస్తూ, ఇవ్వడానికి కావలసిన చాకిరీ కూడా తనే చేశాడు. మేయర్‌కూ ఆయనకూ మధ్య పెరిగిన గౌరవం ఎలాంటిదో, మేయర్ తర్వాత ఆయన గురించి రాసిన మాటల్లో కనిపిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే న్యూయార్క్‌లో ఇంకొకటి జరిగింది. టాప్స్ కంపెనీ బ్రూక్లిన్‌లో ఉండేది. 1952లో వేసిన కార్డులు అమ్ముడుపోక గోదాములో చోటు తింటున్నాయి. కార్నివాళ్ళకు చవగ్గా ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. చివరికి 1960లో వాటిని పడవకెత్తించి సముద్రంలో పారబోయించానని ఆ కార్డులు తయారుచేసిన సై బెర్గరే చెప్పాడు. అందులో మాంటిల్ కార్డులూ ఉన్నాయి. అవును, ఇందాక 100 కోట్లు అన్నానే, అవే. ఒకవైపు తయారుచేసినవాళ్ళు సముద్రంలో పోస్తుంటే, ఇంకోవైపు పైసా రాని మనిషి ఒక్కో ముక్కా ఏరి అతికిస్తున్నాడు.

1963 జనవరి 10న బర్డిక్ చివరి కార్డు అతికించాడు. కోటు వేసుకుని, ఇక రానని చెప్పి బయటికి నడిచాడు. మర్నాడే ఆసుపత్రిలో చేరాడు. మార్చి 13న పోయాడు.

ఇప్పుడు కార్డులు సేకరించే కొందరు ఆయన్ని ఒక విషయంలో తప్పుపడతారు. జిగురుతో అతికించి కార్డుల్ని పాడుచేశాడు, విడిగా దాచి ఉంటే ఎన్ని కోట్లు పలికేవో అని. నా ఆలోచన వేరు. జిగురు పడ్డాకే అవి సరుకు కాకుండా పోయాయి. పక్కపక్కనే అతికినవాటిని విడదీసి అమ్మడం అంత తేలిక కాదు. ఆ వరస వరసగానే ఉండిపోయింది. ఎక్కువ ధర కోసం ఒక వాగ్నర్ కార్డు అంచులు కత్తిరించి, కొత్తదానిలా చూపించి అమ్మిన పెద్దమనిషి ఒకడు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ కత్తెర కంటే ఈ జిగురే నయం కదా!

బర్డిక్ ఇచ్చిన కార్డుల్ని మ్యూజియం ఇప్పటికీ కొన్ని కొన్ని చొప్పున మార్చి మార్చి గోడకు పెడుతుంది. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. 72 లక్షల డాలర్లకు కార్డు అమ్మినవాడు కూడా దాన్ని టీ206 అనే అనాలి. ఆ పేరు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక రోగిష్టి మనిషి, కొన్ని వందల ఉత్తరాల సాయంతో, ఊరికే ఇచ్చింది.

మన పిల్లలు కూడా ఒకప్పుడు బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెటర్ల బొమ్మలు, అగ్గిపెట్టె బొమ్మలు మార్చుకునేవాళ్ళు. మీ ఇంట్లో అటక మీద అలాంటి డబ్బా ఉంటే తూకానికి వేయకండి. ఏ ఏడాదివి, ఎవరు ఇచ్చారు, ఎక్కడ దొరికాయి, ఒక కాగితం మీద రాసి అందులో పెట్టండి. రెండేసి ఉన్నవి లేనివాళ్ళకు ఇవ్వండి. డబ్బా విలువ ఎంతో మీకు ఇవాళ తెలియకపోవచ్చు. కాగితం రాసి పెడితే, దాన్ని తెరిచే తర్వాతి మనిషికి మాత్రం తెలుస్తుంది.