కాంబరు తీరమున గాలిపటపు సవారి

సంక్రాంతి దినములలో మిద్దెమీద గాలిపటము నెగురవేయు బాలుడు, గాలి హెచ్చినపుడు తన్నెఱుగకయే రెండడుగులు ముందునకు జరుగుట మన మందఱము చూచినదే. పటము చిన్నది, దారము సన్నము. అయినను ఆ లాగుడు చేతికి తెలియును. పటము అనేక రెట్లు పెద్దదై, దారములు దృఢమైనవైనచో, ఆ లాగుడు బలిష్ఠుడైన మనుష్యుని సైతము నీటిమీద ఈడ్చుకొని పోగలదు. ఈ సంగతి నాధారము చేసికొని యేర్పడిన క్రీడకు కైట్‌సర్ఫింగు అని పేరు. మనము దానిని గాలిపటపు సవారి యని చెప్పుకొనవచ్చును. ఆడువాడు కాళ్లక్రింద ఒక పలకను, నడుమునకు గట్టి పట్టాను అమర్చుకొని, 65 మొదలు 80 అడుగుల పొడవుగల దారముల కొసనున్న పటమును చేతికఱ్ఱతో నడపుచు అలలపై పరుగెత్తును.

ఈ క్రీడ పూర్వోత్తరములను, ఇంగ్లండు దక్షిణతీరమందలి కాంబరు అను ఇసుకతీరమును దృష్టియందుంచుకొని ఈ ప్రసంగమున వివరింపదలచితిని. గాలిని పట్టుట మానవునకు త్వరలోనే అలవడినది. పట్టిన గాలిని వలసినపుడు విడుచుట నేర్చుటకు మాత్రము రెండువందల యేండ్లు గడచినవి. ఈ చరిత్రలోని సారాంశ మిదియే.

మెఱుపునందలి విద్యుచ్ఛక్తిని గూర్చి పరిశోధించి ప్రఖ్యాతుడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో అమెరికాయందలి బోస్టను నగరమున జన్మించెను. బాల్యమున ఆయన యొక కొలనులో దిగి, గాలిపటపు దారము కట్టిన పుల్లను చేతబట్టి, నీటిపై వెల్లకిల పండుకొనగా, పటము ఆయనను ఆవలి యొడ్డునకు లాగుకొని పోయెను. పెద్దవాడైన పిమ్మట ఈ వృత్తాంతమును ఒక ఫ్రెంచి మిత్రునకు వ్రాయుచు, ఈ విధముగనే డోవరు రేవునుండి ఫ్రాన్సులోని కలే రేవునకు ఇంగ్లీషు ఛానెలును దాటుటయు అసాధ్యము కాకపోవచ్చునని చమత్కరించెను. అయినను ఓడయెక్కి పోవుటయే మేలని కూడ చేర్చెను.

పిమ్మట ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున జార్జి పోకాకు అను బడిపంతులు ఈ విషయమున మిక్కిలి కృషి చేసెను. ఆయన పటములచే లాగబడు బండి నొకదానిని నిర్మించి 1826లో దానికి పేటెంటు హక్కును సంపాదించెను. 1827లో ఆ విద్యను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన పటమునకు దారములు నాలుగు. వానిని బిగించియు సడలించియు పటమును కుడియెడమలకు త్రిప్పుటయే గాక, లాగుడు బలమును కొంత తగ్గించుటకు గూడ వీలుండెను. ఆ కాలమున బాటలయందలి సుంకపు గవనుల వద్ద బండికి పూన్చిన పశువుల లెక్కను బట్టి సుంకము వసూలు చేయుచుండిరి. పశువు లేని ఈ బండికి సుంకమే లేకపోయెను! ఆయన తన కుమార్తె మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి పటముతో ఆకాశమున కెత్తించెను. క్రికెటు ఆటలో జగత్ప్రసిద్ధుడైన డబ్ల్యు. జి. గ్రేసు ఆమె కుమారుడే. బండి మాత్రము జనులలో వ్యాపింపలేదు. దానిలోని నాలుగు దారముల యుక్తిని లోకము చాలకాలము మఱచిపోయెను.

ఫ్రాంక్లిన్ వినోదమునకు వ్రాసినదానిని శతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట నిజము చేసినవాడు శామ్యూలు ఫ్రాంక్లిన్ కోడీ. ఈయనయు అమెరికాలో పుట్టినవాడే. నాటకశాలలయందు ప్రదర్శనము లిచ్చి జీవించుచు, మనుష్యులను మోయగల పెద్ద గాలిపటములను నిర్మించెను. 1903 నవంబరులో ఆయన యొక చిన్న మడత పడవకు పటమును కట్టి, కలే నుండి డోవరునకు రాత్రివేళ 13 గంటలలో చేరెను. ఆ జలసంధి వెడల్పు సుమారు 21 మైళ్లే. అయినను అంతకాలము పట్టుటలో ఆశ్చర్యము లేదు. అచటి సముద్రప్రవాహము ఇంచుమించు ఆఱు గంటలకొకసారి దిశ మార్చుకొనుచుండును. గాలి ముందునకు లాగుచున్నను నీరు ప్రక్కకు నెట్టుచునే యుండును. గాలిపటపు సవారియందు గాలి యెంత ముఖ్యమో నీటి రాకపోకలు నంత ముఖ్యములని ఈ యుదాహరణము తెలుపుచున్నది.

డోవరునకు పడమరగా, తీరము వెంబడి సుమారు 30 మైళ్ల దూరమున, రై అను ప్రాచీన పట్టణమునకు సమీపమున కాంబరు తీరమున్నది. అచట ఇసుకదిబ్బలు వరుసలుగా నిలిచియుండును. వాని ముందు విశాలమైన సైకతము. 1967లో విడుదలయైన ఒక చలనచిత్రమున ఈ దిబ్బలనే సహారా యెడారిగా చూపిరనిన, ఇసుక సమృద్ధిని మీరే యూహింపగలరు. ఈ ప్రదేశమున భూమికిని సముద్రమునకును హద్దు ఏనాడును స్థిరముగా లేదు. 1287లోని మహాతుపానునకు పాత విన్చెల్సీ పట్టణము సముద్రము పాలయ్యెను. రాదరు నది తన పూర్వమార్గమును విడిచి రై వైపునకు తిరిగి అచట సముద్రమున కలిసెను. తరువాత ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున, ఓడలు లంగరు వేయు చోటును కాపాడుటకై, 1512 మొదలు 1543 వఱకు రెండు తడవలుగా కాంబరు కోటను నిర్మించిరి. ఆ చోట మేటలు వేసి ఓడలు రానందున 1637లో కోటను విడిచిపెట్టిరి. నీటిని కాపాడుటకు కట్టిన ఆ కోట నేడు సముద్రమునకు సుమారు మైలు దూరమున పచ్చికబయళ్లలో నిలిచియున్నది. గోదావరీ కృష్ణా సాగరసంగమముల యొద్ద నివసించువారికి ఇట్టి మార్పు క్రొత్తది గాదు.

ఇక పోటును గూర్చి చెప్పవలెను. సముద్రము పొంగి ఒడ్డునకు వచ్చుట పోటు, వెనుకకు తీయుట ఆటు. చాంద్రమానమును అనుసరించు మనకు దీని లెక్క సులభము. దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు. మఱునాటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యా పూర్ణిమలు దాటిన ఒకటి రెండు దినములలో పోటు మిక్కిలి హెచ్చు; అష్టములు దాటిన పిదప తక్కువ. మన విశాఖపట్టణ తీరమున పోటునకు ఆటునకు గల భేదము మనుష్యుని నిలువు మించదు. కాంబరులోనో, అట్లాంటికు మహాసముద్రపు నీరు ఇఱుకగుచున్న ఛానెలులోనికి నెట్టబడుటచే, పెద్ద పోటు దినములలో ఆ భేదము 20 అడుగులు మించును. తీరము పల్లెమువలె చదునగుటచే ఆటు తీసినపుడు అరమైలు మేర ఇసుక బయలుపడును.

నావికులు ఈ పోటును పండ్రెండు పాళ్లుగా విభజించి చెప్పుదురు. ఆటు తుద మొదలు ఆఱు గంటలలో క్రమముగా ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి పాళ్లు నీరు పెరుగును. అనగా నడిమి రెండు గంటలలోనే సగము నీరు వచ్చును. మొదటి గంటలో మందముగా నున్నదని నమ్మినవాడు మూడవ గంటలో మోసపోవును. అంతేగాక ఇసుక అంతటను సమముగా నుండదు. నడుమ నడుమ మెట్టలు, వాని వెనుక పల్లములు కలవు. నీరు ముందుగా పల్లములను నింపును గనుక, మెట్టమీద నిలిచినవానికి తెలియకయే ఒడ్డునకును వానికిని మధ్య లోతు నీరు చేరును.

గాలి సంగతి. దాని వేగము రెట్టింపైనచో పటముపై బలము నాలుగు రెట్లగును. గంటకు 15 మైళ్ల గాలిలో సుఖముగా లాగు పటమే 30 మైళ్ల గాలిలో మనుష్యుని ఎగురవేయగలదు. కావున బలమైన గాలికి చిన్నపటము, మందమైన గాలికి పెద్దపటము వాడవలెను. ఇక దిశ. సముద్రమునుండి నేరుగా ఒడ్డునకు వీచు గాలి ఆడువానిని దిబ్బలపైకి విసరును. ఒడ్డునుండి సముద్రమునకు వీచు గాలి తీరమువద్ద శాంతముగా కనబడి, వానిని తిరిగిరానీయక లోనికి గొనిపోవును. మొదటిదాని భయము కంటికి కనబడును. రెండవది కనబడదు గనుక మఱింత ప్రమాదకరము. సముద్రమువైపునుండి తీరమున కేటవాలుగా వచ్చు గాలియే యుత్తమము. కాంబరు తీరము దక్షిణాభిముఖము; అచట తఱచుగా వీచునది నైరృతి గాలి. అందుచేతనే ఆ తీరము ఈ క్రీడకు ప్రసిద్ధి గాంచినది. అయినను పెద్ద పోటు నిండినపుడు ఇసుక కొంచెమే మిగులును. పటమును దింపుటకు చోటు చాలదు. ఆటు పూర్తిగా తీసినపుడు నీరు దూరము, లోతు తక్కువ. మంచికాలము ఈ రెంటి నడుమ నుండును.

అనుకూలమైన ఆ నైరృతి గాలియే ప్రచండమైనపుడు ఏమి చేయునో ఆ తీరవాసులు మఱువలేదు. 1928 నవంబరు 15వ తేదీన, ఆపదలో నున్న ఒక ఓడను రక్షించుటకై, రై హార్బరు గ్రామమునకు చెందిన మేరీ స్టాన్‌ఫర్డు అను ప్రాణరక్షక నౌక తుపానులో బయలుదేరెను. ఆ ఓడలోని వారిని మఱియొక ఓడ అప్పటికే కాపాడినది. మరలి రమ్మని తీరమునుండి చూపిన సంకేతము నావికుల కంటబడలేదు. తిరిగి వచ్చుచు ఒడ్డువారు చూచుచుండగనే నౌక తలక్రిందయ్యెను. అందున్న 17 మందియు మరణించిరి. అది చిన్న గ్రామము. ఒక్కొక్క యింట తండ్రిని, కుమారులను గూడ కోల్పోయిన వారున్నారు. ఇటీవల 2016 ఆగస్టు 24వ తేదీన అదే కాంబరులో స్నానమునకు వచ్చిన ఐదుగురు యువకులు మునిగిపోయిరి. ఆనాడు తుపాను లేదు; ఎండకాచిన వేసవిదినము. ఆ మఱుసటి సంవత్సరమునుండి వేసవిలో ఆ తీరమున ప్రాణరక్షకులను నియమించిరి. ఒకసారి ఘోషించు సముద్రము, ఒకసారి ప్రశాంతముగా కనబడు సముద్రము; రెండు వేళలయందును ఒడ్డునకు తిరిగి చేరుటయే దుర్ఘటమైనది.

గాలిపటపు సవారి కూడ ఈ పాఠమునే మెల్లగా నేర్చుకొన్నది. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతమునకు చెందిన లెగైన్యూ సోదరులు, బ్రూనో, దొమినీకు అనువారు, 1984లో గాలినింపు గొట్టములు గల పటమునకు పేటెంటు పొందిరి. నీటిలో పడినను మునుగక తిరిగి లేచుట దాని విశేషము. 1997 మొదలు అట్టి పటములు అంగడికి వచ్చినవి. హవాయి దీవులనుండి క్రీడ లోకమంతట ప్రాకెను. తొలి పటములు పట్టిన గాలిని విడువవు. గాలి ఒక్కసారి హెచ్చినచో ఆడువాడు దాని వెంట పోవలసినదే. 2005 ప్రాంతమున వచ్చిన పటములలో చేతికఱ్ఱను దూరముగా త్రోసినంతనే లాగుడు ఇంచుమించు పూర్తిగా తగ్గును. అదియు చాలనపుడు ఒక్క త్రోపుతో విడిపోవు కొక్కెము నడుముపట్టాకు అమర్చబడినది. పోకాకు పంతులు నాలుగు దారములతో కొంతవఱకు సాధించిన యుక్తి ఇట్లు పరిపూర్ణమైనది. 2024లో ఫ్రాన్సుదేశమున జరిగిన ఒలింపికు క్రీడలలో, మార్సెయి తీరమున, ఈ పందెము మొదటిసారి జరిగెను. పురుషులలో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిను బోంటుసు, స్త్రీలలో బ్రిటనుకు చెందిన ఎల్లీ ఆల్‌డ్రిజి స్వర్ణపతకముల నందిరి.

కొక్కెము విప్పినను పోటు ఆగదు. అందుచేత నేడు కాంబరునకు వచ్చు వివేకవంతుడు పటమును విప్పుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనును. గాలి ఏ దిక్కున నున్నది? ఎంత వేగము? పోటు ఎన్నవ గంటలో నున్నది? నేను తిరిగి వచ్చునప్పటికి ఇసుక ఎంత మిగులును? కడపటి ప్రశ్నకు సమాధానము దొరకనిచో అతడు పటమును మడిచి యింటికి పోవును. సముద్రమునకు పోవు మన పల్లెకారులు తరతరములుగా తిథిని, గాలిని చూచి పడవను నీటిలోనికి త్రోయుటయు నిదియే. యంత్రములు, వస్త్రములు మాఱినవి. అడుగవలసిన ప్రశ్నలు మాఱలేదు.