సైనైడ్ దిబ్బల మీద సినిమా తుపాకీ

కోలార్ బంగారు గనుల ఊళ్లో చాంపియన్ రీఫ్స్ గని పక్కనున్న సైనైడ్ దిబ్బలను చూస్తే కౌబాయ్ సినిమాకు వేరే సెట్టింగు అక్కర్లేదనిపిస్తుంది. బంగారం పిండేశాక మిగిలిన బూడిదరంగు పొడిమట్టి అది, 3 కోట్ల టన్నులకు పైనే. ఎండాకాలంలో గాలి లేచిందంటే కార్మికుల లైన్లలో అన్నం కంచం దాకా వస్తుంది. ప్రశాంత్ నీల్ ‘కేజీఎఫ్’ను ఇక్కడే తీశారు.

ఈ ఊరికి తెలిసిన చప్పుడు మాత్రం తుపాకీది కాదు. గనిలో రాతిని పగలగొట్టే మందు తూటాలు పేలేవి. 3 కిలోమీటర్ల లోతున ఒత్తిడికి రాయి దానంతటదే పగిలితే పైన ఇళ్లు అదిరేవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా బంగారానికి గ్రాముల్లో లెక్క, తూటాలకు పుస్తకంలో లెక్క.

సినిమా తుపాకులకూ అలా లెక్క రాసుకున్నవాళ్లున్నారు. హాలీవుడ్‌లో స్టెంబ్రిడ్జ్ అనే సంస్థ 1920ల నుంచి స్టూడియోలకు తుపాకులు అద్దెకిచ్చింది. అందులో చాలావరకు నిజం తుపాకులే. గుండు లేని తూటాలు వేసి కాల్చేవారు. ‘ఫైవ్ ఇన్ వన్’ అని ఒక ఖాళీ తూటా ఉండేది. ఒకే తూటా వేర్వేరు కొలతల రివాల్వర్లకూ రైఫిళ్లకూ సరిపోయేది. షూటింగ్ హడావుడిలో ఏది దేనికో వెతుక్కునే పని తప్పేది. నల్ల తుపాకీమందు పెడితే తెల్లటి పొగ బాగా లేచేది, కెమెరాకు కావలసిందీ అదే.

సేకర్తలు నేడు వేలంలో పోటీపడేది ఇనుము కోసం కాదు. తుపాకీ మీది నంబరు పాత అద్దె కాగితంతో కలవాలి. చెక్కపిడి మీది గీత తెరమీది గీతతో సరిపోవాలి. అప్పుడే ధర.

మన కౌబాయ్‌లకు ఆ భాగ్యం తక్కువ. 1971 ఆగస్టు 27న వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం కృష్ణ, దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్ రాజస్థాన్ ఎడారి దాకా వెళ్లారు. ఆరుద్ర కథ, వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా అందరికీ గుర్తే. కృష్ణ నడుముకు వేలాడిన తుపాకీ ఎవరు సమకూర్చారో అడిగే అభిమానిని నేను చూడలేదు. 2023 మే 31న సినిమా 4కె హంగులతో మళ్లీ విడుదలైనప్పుడూ ఈలలన్నీ హీరోకే.

అన్నట్టు, తుపాకీ తేదీలను హాలీవుడ్ కూడా అంతగా పట్టించుకోలేదు. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’ కథ 1880లో జరుగుతుంది. జాన్ వేన్ చేతిలో తిరిగేది మాత్రం 1892 మోడల్ వించెస్టర్. దాన్ని రూపొందించింది జాన్ బ్రౌనింగ్. ‘కేజీఎఫ్ 2’లో పోలీసు స్టేషన్‌ను తూట్లుపొడిచి, ఎర్రగా కాలిన గొట్టంతో రాకీ సిగరెట్ ముట్టించుకునే ‘పెద్దమ్మ’ ఉంది చూశారూ, ఆ మెషిన్ గన్ నమూనా కూడా బ్రౌనింగ్‌దే.