‘మా కుక్క కరవదండీ’ అంటే సరిపోదు: హైదరాబాద్‌లో కుక్కను పెంచుకునేవారిని చట్టం ఏమడుగుతోంది?

2023 జనవరి. బంజారాహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకు ఫుడ్ పార్సిల్ తీసుకెళ్లాడు 23 ఏళ్ల డెలివరీ యువకుడు. తలుపు తెరుచుకోగానే లోపలున్న జర్మన్ షెపర్డ్ మొరుగుతూ మీదికొచ్చింది. భయంతో పరుగెత్తాడు. తప్పించుకునే ప్రయత్నంలో పైనుంచి కింద పడ్డాడు. పంజాగుట్టలోని నిమ్స్‌లో చికిత్స పొందుతూ కొద్దిరోజులకే చనిపోయాడు. కుక్క యజమానిపై పోలీసులు నిర్లక్ష్యం కింద కేసు పెట్టారు.

నాలుగు నెలలు తిరిగాయో లేదో, మే నెలలో మణికొండలో దాదాపు ఇదే జరిగింది. ఈసారి డాబర్‌మ్యాన్. పరుపు డెలివరీకి వచ్చిన వ్యక్తి కుక్క మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి దూకేశాడు. గాయాలతో బయటపడ్డాడు.

రెండు ఘటనల్లోనూ ప్రాణం మీదికి తెచ్చింది కుక్క పళ్లు కాదు, తెరిచిన తలుపు. కుక్కలున్న ఇళ్లలో తరచూ వినిపించే ‘భయపడకండి, ఏమీ చేయదు’ అన్న మాట అందుకే చట్టం ముందు నిలవదు.

కరవకపోయినా కేసు అవుతుందా?

అవుతుంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ దీని గురించే. మీ దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గానీ, తీవ్ర గాయమయ్యే ప్రమాదం గానీ ఉండే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని ఆపడానికి సరిపడా జాగ్రత్త తీసుకోకపోతే అదే నేరం. ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇది 289వ సెక్షన్. అప్పుడు జరిమానా 1,000 రూపాయలే.

ఇక్కడ ‘కరిచింది’ అన్న మాటే లేదు. ‘జాగ్రత్త తీసుకోలేదు’ అన్నదే అసలు విషయం. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 106వ సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. క్రిమినల్ కేసుతో సంబంధం లేకుండా బాధితులు సివిల్ కోర్టులో నష్టపరిహారం కోసం విడిగా వెళ్లొచ్చు.

గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు పెట్టాం కదా అంటారు కొందరు. మంచిదే, పెట్టండి. కానీ ఆర్డర్ పెట్టి పిలిపించింది మీరే అయినప్పుడు, వచ్చిన మనిషి బోర్డు చదివి వెనక్కి వెళ్లిపోలేడు. తలుపు తీసేముందు కుక్కను వేరే గదిలో పెట్టడమో, గొలుసు వేయడమో చేయాల్సింది ఇంట్లోవాళ్లే. ఇంకా సులువైన దారి, ఆర్డర్ పెట్టేటప్పుడే ‘ఇంట్లో కుక్క ఉంది, కిందికి వచ్చి తీసుకుంటాం’ అని రాసేయడం. సోమాజిగూడ, ఎర్రమంజిల్ వైపు పాత అపార్ట్‌మెంట్లలో వరండా ఇరుకు, మెట్లు ఇరుకు. అక్కడ కుక్క ఎదురైతే మనిషి వెళ్లడానికి చోటే ఉండదు.

లైసెన్స్ ఎవరికి, ఎక్కడ?

జీహెచ్ఎంసీ పరిధిలో పెంపుడు కుక్కకు లైసెన్స్ తీసుకోవాలి. ఖైరతాబాద్, అమీర్‌పేట, పంజాగుట్ట అన్నీ ఈ పరిధిలోవే. జీహెచ్ఎంసీ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో కీలకమైన కాగితం ఒక్కటే, రేబిస్ టీకా వేయించినట్టు వెటర్నరీ డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్. సందేహాలుంటే 040-21111111 కాల్ సెంటర్‌ను అడగొచ్చు.

లైసెన్స్ అంటే ఇంకో పన్ను అనుకుని పక్కన పడేసేవాళ్లు చాలామంది. నిజానికి కుక్క తప్పిపోయి మున్సిపల్ సిబ్బంది వలలో పడినా, అది ఎవరినైనా గీరి గొడవైనా, అది మీదేననీ టీకా వేసిందేననీ చూపించగలిగేది ఆ కాగితమే.

2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు బాధ్యతను రెండుగా పంచాయి. వీధి కుక్కలకు టీకాలు, కు.ని. ఆపరేషన్లు చేయించాల్సింది స్థానిక సంస్థ. పెంపుడు కుక్కకు నులిపురుగుల మందు, టీకా, ఆపరేషన్ యజమాని బాధ్యత. ‘సాయంత్రం కాసేపు బయట తిరిగొస్తుందిలే’ అని గేటు తీసి వదిలే ఇళ్లు ఈ గీతను చెరిపేస్తున్నట్టే. ఆపరేషన్ కాని పెంపుడు కుక్క వీధిలో తిరిగితే కొన్ని నెలల్లో ఆ వీధి లెక్క మారిపోతుంది. వీధి కుక్కల సంఖ్య గురించి ఫిర్యాదు చేసే చోటే ఇలాంటి గేట్లూ ఉంటాయి.

టీకాల లెక్క

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలవుతాయి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేసి, తర్వాత డాక్టర్ చెప్పిన తేదీకి బూస్టర్, ఆపై ఏటా. పార్వో సోకిన పిల్లలు రక్త విరేచనాలతో రోజుల్లోనే చనిపోతాయి. కొన్న వారంలోనే పిల్ల పోయిందని బాధపడేవారి ఇళ్లలో చాలాసార్లు జరిగేది ఇదే. మన వాతావరణంలో గోమార్ల బెడద కూడా తక్కువేం కాదు. వాటి ద్వారా వచ్చే జ్వరం కుక్కను తిండి మాన్పించి కుంగదీస్తుంది.

ప్రైవేటు క్లినిక్ ఖర్చు భరించలేనివారికి నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్య సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. పెద్ద సమస్య అయితే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి. ఒక మాట, మెట్రోలో పెంపుడు జంతువులను రానివ్వరు. అమీర్‌పేట స్టేషన్ ఇంటి పక్కనే ఉన్నా సరే, ఆటోనో కారో చూసుకోవాల్సిందే.

కరిస్తే ఏం చేయాలి?

కుక్క వీధిదైనా, ఇంట్లోదైనా, ‘టీకా వేసిందే’ అన్నా సరే, ముందు గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, 15 నిమిషాలు మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. పసుపు, కారం, సున్నం, పసరు మందు పెట్టొద్దు. కట్టు కట్టొద్దు.

తర్వాత ఆలస్యం లేకుండా ఆసుపత్రికి. ఖైరతాబాద్ వైపు నుంచి నారాయణగూడలోని ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి యాంటీ రేబిస్ టీకాకు అందరికీ తెలిసిన చోట్లు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్నది మన పెద్దల కాలం మాట. ఇప్పుడు చేతికే వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. దాని గురించి మీరే అడగండి.

లక్షణాలు కనిపించాక రేబిస్‌కు చికిత్స లేదు. బతికి బయటపడినవాళ్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అందుకే కరిచింది మీ కుక్క అయితే దాన్ని దాచేయడం, ఊరికి పంపేయడం ఘోరమైన పని. అవతలివాళ్లకు టీకా కార్డు చూపించండి. కుక్కను 10 రోజులు ఇంట్లోనే కట్టేసి గమనించండి. పదో రోజుకూ అది ఆరోగ్యంగా ఉంటే, మిగతా డోసులు అవసరమా కాదా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. కుక్క కనిపించకుండా పోతే అవతలి మనిషికి ఆ అవకాశం పోయినట్టే.

అపార్ట్‌మెంట్ సంఘం వద్దంటే?

జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మెజారిటీతో తీర్మానం చేసినా సరే, పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘాలకు లేదు. లిఫ్టు ఎక్కనివ్వమనకూడదు, కుక్క ఉందని అదనపు మెయింటెనెన్స్ వేయకూడదు. మొరిగిందన్న ఒక్క కారణంతో ఇల్లు ఖాళీ చేయమనడం కుదరదు. కేరళ హైకోర్టు కూడా 2021లో ఇలాంటి నిషేధ బైలాలు చెల్లవని చెప్పింది. మరో రాష్ట్రం తీర్పు కాబట్టి తెలంగాణలో కోర్టులు దానికి కట్టుబడాల్సిన పనిలేదు గానీ, వాదనకు బలం ఇస్తుంది.

దీన్ని చేతిలో పట్టుకుని పొరుగువాళ్లతో గొడవకు దిగేవాళ్లూ ఉన్నారు. అవే మార్గదర్శకాలు బయట తిప్పేటప్పుడు గొలుసు పట్టుకోమనీ, కుక్క చేసిన మలం యజమానే ఎత్తేయాలనీ కూడా సూచిస్తాయి. సెల్లారులో పిల్లలు ఆడుకునే మూల దగ్గర మలం వదిలేస్తే నులిపురుగులు సోకే ప్రమాదం ఉంటుంది. ఓ పాత పేపరు, ఓ కవరు జేబులో పెట్టుకుంటే సరిపోయే పని ఇది. లిఫ్టులో ఇంకెవరైనా ఉంటే ‘రావచ్చా’ అని అడగండి. వద్దంటే తర్వాతి ట్రిప్పు. కుక్కంటే భయం ఉండటం నేరం కాదు.

స్వేచ్ఛగా పరుగెత్తించాలంటే ఖైరతాబాద్ చుట్టుపక్కల చోటు దొరకడం కష్టం. జీహెచ్ఎంసీ 2018లో కొండాపూర్‌లో 1.3 ఎకరాల్లో కుక్కల కోసమే పార్కు కట్టింది.

ఏ జాతి?

పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని కేంద్రం 2024 మార్చి 12న రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ సర్క్యులర్‌ను కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లోనే కొట్టేసింది. జాతి చర్చ పక్కనపెడితే, మే ఎండల్లో సైబీరియన్ హస్కీని రెండు గదుల ఇంట్లో ఉంచడం ఏ నిషేధ జాబితాలోనూ లేదు, అయినా అది హింసే. షాపులో గానీ, బ్రీడర్ దగ్గర గానీ ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. రిజిస్ట్రేషన్, టీకా రికార్డు అడగండి. అవి లేవంటే బేరం ఆడకుండా వచ్చేయండి.

వీధి కుక్కను దత్తత తీసుకోవడం ఇంకా మంచి దారి. నాటు కుక్కలకు మన ఎండ కొత్త కాదు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వుల్లో వీధి కుక్కల దత్తతకు దారి చూపిస్తూనే, అలా తీసుకున్నవి మళ్లీ వీధిలోకి రాకూడదని స్పష్టం చేసింది. రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకుండా, స్థానిక సంస్థలు కేటాయించిన చోట్లే పెట్టాలని కూడా చెప్పింది.

చిలకను పెంచితే? చాలామందికి తెలియని సంగతి, పంజరంలో రామచిలుకను ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అదృష్టం వస్తుందని ఇంట్లో పెట్టుకునే నక్షత్ర తాబేలు కూడా అంతే.

వదిలేస్తే శిక్ష ఎంత?

అమీర్‌పేట హాస్టల్ గదిలో ముగ్గురు నలుగురు కలిసి ముచ్చటపడి పిల్లను తెచ్చుకుంటారనుకోండి. కోర్సు అయిపోతుంది, ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, ఇంకొకరు ఊరెళ్లిపోతారు. కుక్క ఎవరిది? కరోనా లాక్‌డౌన్‌లో కొన్న కుక్కల్లో చాలావాటికి ఆఫీసులు తెరిచాక ఎదురైన ప్రశ్న కూడా ఇదే.

ఆకలి దప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం కూడా అదే సెక్షన్‌లో ఉన్నాయి. మరి శిక్ష? మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. 1960లో రాసిన అంకె. అమీర్‌పేట టిఫిన్ సెంటర్లో ఓ ప్లేటు ఇడ్లీ డబ్బు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. దీన్ని పెంచుతూ కేంద్రం 2022లో ఓ ముసాయిదా బిల్లు తెచ్చింది. కుక్కను చంపినా, అవిటిదాన్ని చేసినా మాత్రం న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంది.

నిజంగానే పెంచలేని పరిస్థితి వస్తే, ఇల్లు ఖాళీ చేసే రోజు వరకు ఆగకండి. రెండు మూడు నెలల ముందే బంధువులను, వెటర్నరీ క్లినిక్‌ను, జంతు సంరక్షణ సంస్థలను అడగడం మొదలుపెట్టండి. ఆపరేషన్ అయి, టీకా కార్డు ఉన్న కుక్కకు ఇల్లు దొరకడం తేలిక.

చనిపోతే ఏం చేయాలి?

ఖాళీ స్థలంలో పడేయడం, హుస్సేన్ సాగర్‌లో వదలడం చేయొద్దు. నాగోలు దగ్గర ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల కోసం దహనవాటిక ఉంది. జీహెచ్ఎంసీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి వివరాలు అడగొచ్చు. కుక్క రేబిస్‌తో చనిపోయిందన్న అనుమానం ఉంటే మాత్రం ఒట్టి చేతులతో ముట్టుకోకుండా ముందు వెటర్నరీ డాక్టర్‌కు చెప్పండి. దాని లాలాజలం తగిలినవాళ్లంతా, ఇంట్లో పిల్లలతో సహా, అదే రోజు టీకాకు వెళ్లాలి.