రోబో నడక చికిత్స: సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఎంతవరకు మేలు?

సెరిబ్రల్ పాల్సీ కాళ్ల జబ్బు కాదు. గర్భంలోగాని, ప్రసవ సమయంలోగాని, పుట్టిన తొలినాళ్లలోగాని ఎదిగే మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కండరాలపై అదుపు లోపించే స్థితి ఇది. ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఇంచుమించు ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తుంది. మెదడుకు తగిలిన ఆ దెబ్బ పెరగదు, మానదు. అయితే పదేపదే చేసిన పనిని మెదడు నేర్చుకోగలదు. రోబో సాయంతో సాగే నడక చికిత్సకు ఆధారం ఇదే.

ఇటువంటి యంత్రాల్లో ఎక్కువగా వినిపించే పేరు లోకోమాట్. స్విట్జర్లాండ్‌కు చెందిన హోకోమా సంస్థ దీనిని తయారు చేసింది. పైనుంచి వేలాడే పట్టీలు పిల్లల బరువులో కొంత భాగాన్ని మోస్తాయి. కాళ్లకు బిగించిన చట్రంలోని మోటార్లు తుంటిని, మోకాళ్లను నడక లయలో కదిలిస్తుంటే, కింద ట్రెడ్‌మిల్ అదే వేగంతో సాగుతుంది. థెరపిస్టు చేతులతో కాళ్లు పట్టి నడిపిస్తే కొద్దిసేపటికే అలసిపోతారు. యంత్రం ఒక్క విడతలోనే వందల అడుగులు వేయిస్తుంది. ఎదుటి తెరపై కనిపించే ఆట కేవలం వినోదం కోసం కాదు. కాళ్లను యంత్రమే కదిలిస్తున్నప్పుడు పిల్లలు ఊరకే ఉండిపోయే అవకాశం ఉంది. అలా ఉంటే మెదడు నేర్చేది స్వల్పం. అందుకే పిల్లలు తమవంతు బలం ఉపయోగించినప్పుడే తెరపై బొమ్మ చురుకుగా కదిలేలా ఆటను అమరుస్తారు.

పిల్లల చట్రం బిగించడానికి తొడ పొడవు కనీసం 21 సెంటీమీటర్లు ఉండాలి. అంటే సాధారణంగా నాలుగేళ్లు నిండాలి. కీళ్లు బిగుసుకుపోయినా, ఎముకలు బాగా పెళుసుగా ఉన్నా, మూర్ఛ అదుపులో లేకున్నా వైద్యులు ఈ చికిత్సకు అనుమతించరు.

ఫలితాల విషయంలో తొందరపాటు తగదు. కొందరు పిల్లల్లో నడక వేగం, ఓర్పు మెరుగుపడినట్లు అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ అంతే సమయం శ్రద్ధగా చేసిన మామూలు ఫిజియోథెరపీ కంటే ఇది స్పష్టంగా మేలైనదని ఇంతవరకు రుజువు కాలేదు. కదలిక సామర్థ్యాన్ని బట్టి పిల్లలను ఐదు స్థాయిలుగా విభజించే పద్ధతి 1997 నుంచి ఉంది. నాలుగు, ఐదు స్థాయిల పిల్లలు ఆసరా లేకుండా నడుస్తారని ఎవరైనా హామీ ఇస్తే నమ్మరాదు.

ఢిల్లీ వసంత్‌కుంజ్‌లోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ వంటి చోట్ల లోకోమాట్‌ను వాడుతున్నారు. మరోవైపు 1978లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ నార్తర్న్ ఇండియాగా మొదలై, నేడు 'ఆది' పేరుతో పనిచేస్తున్న ఢిల్లీ సంస్థ ఇల్లు, బడి, కుటుంబం చుట్టూ సేవలు అల్లుకుంది. ఈ రెండు దారులకూ పోటీ లేదు. యంత్రంపై నేర్చిన అడుగు ఇంటి గడప దాటడానికి పనికిరావాలంటే రెండోది తప్పనిసరి. విదేశీ యంత్రాల ధర పెద్ద అడ్డంకి. మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బాండికూట్ రోబోను తయారుచేసిన కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్, జి-గెయిటర్ పేరుతో నడక శిక్షణ యంత్రాన్ని కూడా రూపొందించింది.

చికిత్సకు ముందే సొమ్ము కట్టమన్నప్పుడు తల్లిదండ్రులు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: లక్ష్యం ఏమిటి, దానిని ఎలా కొలుస్తారు, ఇంట్లో చేయించాల్సిన వ్యాయామం ఏది. 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ అమలుచేసే నిరామయ పథకం కింద సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది. థెరపీ ఖర్చులకు అందులో విడిగా పరిమితి ఉంటుంది. నమోదుకు వైకల్య ధ్రువపత్రం అవసరం.