పల్నాటి సున్నపురాయిలో కోతుల ఆనవాళ్లు: బిల్లసర్గం దగ్గరే ఆగిన అన్వేషణ

ఉపఖండంలో ప్రైమేట్ల పరిణామం గురించి ఏ గ్రంథం తెరిచినా శివాలిక్ కొండలే. 1932లో హరితల్యాంగర్‌లో లూయిస్‌కు దొరికిన రామాపిథెకస్ దవడ, 1982లో పిల్‌బీమ్ వివరించిన శివాపిథెకస్ ముఖం, 2020లో రామ్‌నగర్ నుంచి వచ్చిన కపి రామ్‌నగరెన్సిస్. దక్షిణాదికి వచ్చేసరికి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. కోటి ఏళ్ల నాటి తోకలేని వానరాలను పల్నాటి గుహల్లో ఆశించలేం, నిజమే. కానీ కోతుల శిలాజాలు మన వైపు కనబడకపోవడానికి వెతకకపోవడమే కారణమని నా వాదన.

ఈ నిర్లక్ష్యానికి నాంది పలికినవాడు పురాజీవ శాస్త్రవేత్త లైడెక్కర్. జీవశాస్త్రవేత్త హక్స్‌లీ సూచన మీద మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ పురమాయించగా, 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో పని మొదలుపెట్టాడు. తర్వాత తవ్వకం కొడుకు హెన్రీ చేతికి వచ్చింది. ఆ ఎముకలను 1886లో వర్ణించిన లైడెక్కర్ జాబితాలో కొండముచ్చు ఉంది. కోతుల బెడద తట్టుకోలేక మిర్చి చేలో కొండముచ్చు ఫ్లెక్సీ కట్టుకునే మన రైతుకు అందులో వింతేమీ లేదు. వింతంతా దాని పక్కన రాసిన సైనోసెఫాలస్, అంటే బబూన్. ప్రజాతి పేరు పెట్టాడు, జాతి తేల్చలేదు. మచ్చల హైనాతో, ఆఫ్రికా అలుగుతో కలిపి అది ఆఫ్రికా పోలిక అన్నాడు. ఆ మాటతో బిల్లసర్గం ఒక విడ్డూరంగా మిగిలిపోయింది. ఆ గుహ ఏ రాతిలో ఉంది, ఆ రాయి ఎంతదాకా పరుచుకుంది అన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. ఆయన్ని ఉటంకించేవాళ్లకూ తట్టలేదు.

అది నార్జి సున్నపురాయి. కర్నూలు శ్రేణిలోని ఆ రాయే నల్లమల దాటాక పల్నాడులో, మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు మళ్లీ బయటపడుతుంది. గుత్తికొండ బిలం సున్నపురాతిని నీరు తొలిచిన గుహే. ముచికుందుడి కథ చెప్పుకుంటూ భక్తులు లోపలి నీటిదాకా వెళతారు. పిడుగురాళ్ల క్వారీ అంచున నిలబడితే బూడిదరంగు రాతిలో నిలువునా దిగిన పగుళ్లు, వాటి నిండా ఎర్రమట్టి కనిపిస్తాయి. సున్నం బట్టీకి మట్టి పనికిరాదు గనక గడ్డపారతో పెళ్లగించి పక్కన పోస్తారు. ఎముకలు దాగే చోటు అలాంటి పూడికే. మనం పారబోస్తున్నదీ దాన్నే.

బిల్లసర్గం మళ్లీ తవ్వి 2014లో ప్రకటించిన ఫలితాలు నా పక్షానే ఉన్నాయి. గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్ష ఏళ్లుగా, కొన్ని రెండు లక్షల ఏళ్లుగా ఉపఖండంలో కొనసాగుతున్నాయి. మారింది వాటిలో కొన్నిటి నివాస ప్రాంతమే. ఉత్తరాది ఎర్రమూతి కోతి దక్షిణానికి జరుగుతూ మన దేశవాళీ కోతిని నెట్టుకొస్తున్న సంగతి ఈనాటిది కూడా. ఇక ప్రకాశం జిల్లాలో దొరికిన దాదాపు 41,000 ఏళ్ల నాటి ఉష్ట్రపక్షి గూడు: 3,500 దాకా గుడ్డు పెంకు ముక్కలు! ఆఫ్రికాదనుకునే పక్షి గుడ్లు పెట్టిన నేల మీద బబూన్ తిరిగిందంటే లైడెక్కర్‌లా ఆశ్చర్యపోవాల్సిన పని లేదు.

నీటి ప్రవాహం, భక్తుల తాకిడి పల్నాటి గుహల పొరలను కలిపేసి ఉంటాయన్న అభ్యంతరం ఉంది. అది గుత్తికొండకు వర్తించవచ్చు; క్వారీ పగుళ్లలోకి భక్తులు రారు గానీ, అక్కడ నీరు పొరలను కలిపిందా అన్నది చూడాల్సిందే.

కాబట్టి ప్లీస్టోసీన్ (మంచుయుగం) నాటి కోతులు కృష్ణా, గుండ్లకమ్మల నడుమ ఉన్న మైదానంలోనూ తిరిగి ఉండవచ్చనీ, కర్నూలు గుహలు వాటి నివాసానికి పడమటి అంచు మాత్రమే కావచ్చనీ ఊహిస్తున్నాను; తేల్చాల్సింది తవ్వకమే. క్వారీ లీజు ఇచ్చేముందు పగుళ్లలోని మట్టిని పొరలవారీగా తీసి, నీళ్లలో కడిగి, సన్నకన్ను జల్లెడ పట్టించాలి. కోతి దవడపన్ను శనగగింజంత ఉంటుంది, పారకు దొరకదు.